ఐరోపా సమాఖ్య గడప బయట: చేరని దేశాలకు మిగిలేదెంత, పోయేదెంత?

ఐరోపా సమాఖ్య (ఈయూ)లో 27 దేశాలున్నాయి. వాటి పక్కనే ఉంటూ, వాటితోనే ఎక్కువ వ్యాపారం చేస్తూ, ఆ 27లో లేని దేశాలు కొన్ని ఉన్నాయి. నార్వే రెండుసార్లు వద్దంది. స్విట్జర్లాండ్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఐస్‌లాండ్ దరఖాస్తు పెట్టి వెనక్కి తీసుకుంది. బ్రిటన్ 47 ఏళ్లు లోపల ఉండి బయటికి నడిచింది. బయట ఉంటే లాభమా, నష్టమా అంటే చాలామంది ఒక్క ముక్కలో జవాబు కావాలంటారు. అలాంటి జవాబు లేదు. ఒకే నిర్ణయంలో లాభం ఒకరి ఖాతాలో పడుతుంది, నష్టం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఎవరికి ఎంత అన్నది విడదీసి చూడకపోతే ఈ చర్చ అరుపుల దగ్గరే ఆగిపోతుంది. తరచుగా వచ్చే ప్రశ్నలకు ఆ దృష్టితోనే ఇక్కడ జవాబులు రాశాను.

బయట ఉండటం అంటే పూర్తిగా తెగతెంపులేనా?

కాదు. బయట ఉండటంలోనే చాలా మెట్లున్నాయి. ఈ విషయంలో వచ్చే గందరగోళంలో సగం రెండు మాటల్ని కలిపేయడం వల్ల వస్తుంది. ఒకటి ఉమ్మడి మార్కెట్, రెండోది కస్టమ్స్ యూనియన్.

ఉమ్మడి మార్కెట్ అంటే అందరికీ నిబంధనలు ఒక్కటే. ఒక దేశంలో అమ్మకానికి ఆమోదం పొందిన వస్తువు మిగతా దేశాల్లోనూ చెల్లుతుంది. మనుషులు, పెట్టుబడులు, సేవలు కూడా అలాగే స్వేచ్ఛగా తిరుగుతాయి. కస్టమ్స్ యూనియన్ వేరు. అందులో ఉన్న దేశాల మధ్య సుంకాలుండవు, బయటి దేశాల సరుకు మీద మాత్రం అందరూ ఒకే సుంకం వేస్తారు.

నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ మొదటిదాంట్లో ఉన్నాయి, రెండోదాంట్లో లేవు. 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన యూరోపియన్ ఎకనామిక్ ఏరియా (ఈఈఏ) ఒప్పందం వాటికి ఆ దారి వేసింది. టర్కీ దీనికి తలకిందులు. 1995 చివరి నుంచి పారిశ్రామిక సరుకుల వరకు కస్టమ్స్ యూనియన్‌లో ఉంది కానీ ఉమ్మడి మార్కెట్‌లో లేదు. స్విట్జర్లాండ్ ప్రజలు 1992 డిసెంబర్ 6న ఈఈఏ కూడా వద్దని 50.3 శాతం ఓట్లతో తేల్చేశారు. ఆ తర్వాత ఆ దేశం ఒక్కో రంగానికి ఒక్కో ఒప్పందం చేసుకుంటూ వచ్చింది. ఇప్పుడవి నూటికి పైగా ఉన్నాయి. బ్రిటన్‌ది వీటన్నిటికంటే పల్చటి బంధం.

కాబట్టి ఎవరైనా "నార్వేలా బయట ఉందాం" అన్నా, "బ్రిటన్‌లా బయటికొద్దాం" అన్నా వాళ్లు ఒకే విషయం మాట్లాడటం లేదు.

నార్వే, స్విట్జర్లాండ్ అంత ధనిక దేశాలు. బయట ఉండటం వల్లే కదా?

ఈ వాదన ఎక్కువగా వినిపిస్తుంది, కానీ నిలబడదు. నార్వే ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ చమురు క్షేత్రాన్ని 1969లో కనుగొన్నారు. ఆ ఆదాయంతో పెట్టిన ప్రభుత్వ నిధిలో మొదటి జమ 1996లో పడింది. ఇప్పుడది ప్రపంచంలోనే అతి పెద్ద సార్వభౌమ నిధుల్లో ఒకటి. సభ్యత్వం ఉన్నా లేకపోయినా ఆ చమురు అక్కడే ఉండేది. స్విట్జర్లాండ్ మందుల పరిశ్రమ, యంత్రాలు, గడియారాలు, బ్యాంకింగ్ కూడా ఈయూ పుట్టకముందు నుంచే బలంగా ఉన్నవి. మరోవైపు డెన్మార్క్, స్వీడన్, నెదర్లాండ్స్ లోపలే ఉన్నాయి, సంపన్నంగానే ఉన్నాయి.

ఈ పోలికను తిప్పి చూడాలి. ఈ దేశాలు బయట ఉన్నందుకు ధనికమయ్యాయనే కంటే, ధనికంగా ఉన్నాయి కాబట్టి బయట ఉండే ఖర్చును భరించగలుగుతున్నాయనడం నిజానికి దగ్గర.

సభ్యత్వ రుసుము మిగులుతుందిగా?

కొంత మిగులుతుంది, మొత్తం కాదు. ఈయూ ఉమ్మడి బడ్జెట్ సభ్యదేశాల మొత్తం ఆదాయంలో సుమారు 1 శాతం. అందులో దాదాపు మూడో వంతు వ్యవసాయానికి పోతుంది. సభ్యులు కాని దేశాలు ఆ లెక్కలో వాటా కట్టవు.

కానీ ఉమ్మడి మార్కెట్‌లోకి ఉచిత ప్రవేశం లేదు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కలిసి సమాఖ్యలోని వెనకబడ్డ సభ్యదేశాల అభివృద్ధికి గ్రాంట్లు ఇస్తాయి. 2021–28 విడతకు ఆ మొత్తం 326 కోట్ల యూరోలకు పైనే. దాదాపు అంతా నార్వే జేబులోంచే. స్విట్జర్లాండ్ కూడా ఇలాంటి రెండో విడతకు 130 కోట్ల ఫ్రాంకులు ఒప్పుకుంది. పరిశోధన కార్యక్రమాల్లో చేరితే దానికి వేరే చందా.

డబ్బు లెక్క మాత్రమే చూస్తే బయట ఉండటమే చవక అనే వాళ్లతో నాకు పేచీ లేదు. అసలు ఖర్చు వేరే చోట ఉంది.

ఆ అసలు ఖర్చు ఎక్కడుంది?

సరిహద్దు దగ్గర. దీన్ని ఒక చేపతో చెప్పొచ్చు.

నార్వే సాల్మన్ పచ్చిది ఈయూలోకి వెళ్తే 2 శాతం సుంకం. అదే చేపను పొగబెట్టి, ముక్కలు కోసి, ప్యాకెట్‌లో పెట్టి పంపితే 13 శాతం. నార్వే సముద్రంలోనే పెరిగిన చేప, నార్వేలోనే పొగబెడితే పోటీకి నిలబడదు. అందుకే పేగులు తీసి, తలతో సహా ఐస్ పెట్టెల్లో సర్ది, లారీల్లో దక్షిణానికి పంపేస్తారు. పొగబెట్టే పని పోలండ్‌లో, డెన్మార్క్‌లో జరుగుతుంది. ఆ ఫ్యాక్టరీలు, ఆ జీతాలు, ఆ ప్యాకెట్ మీద పడే అదనపు విలువ అన్నీ అక్కడే. చేపలు పెంచే కంపెనీకి ఇందులో పెద్ద నొప్పి లేదు, అది కోట్లు సంపాదిస్తూనే ఉంది. తీరంలో పుట్టాల్సిన ఉద్యోగాలే పుట్టలేదు. పుట్టని ఉద్యోగం గురించి ధర్నా చేసేవాళ్లు ఉండరు కాబట్టి ఈ నష్టం ఏ లెక్కల్లోనూ గట్టిగా కనిపించదు.

సుంకం లేని చోట కూడా కాగితాలుంటాయి. కస్టమ్స్ యూనియన్‌లో లేని దేశం తన సరుకు నిజంగా తన దగ్గరే తయారైందని రుజువు చేసుకోవాలి. దీన్నే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అంటారు. యంత్రంలో సగం విడిభాగాలు వేరే ఖండం నుంచి వచ్చి ఉంటే సుంకం మినహాయింపు దక్కకపోవచ్చు. పెద్ద కంపెనీకి దీనికోసం ఒక విభాగమే ఉంటుంది. పదిమంది పనిచేసే చిన్న కంపెనీలో ఆ ఫారాలు నింపేది యజమానే. రెండు మూడుసార్లు సరుకు సరిహద్దులో ఆగిపోతే ఆ యజమాని ఎగుమతే మానేస్తాడు.

చేపల గురించి ఈ దేశాలు అంత పట్టుదలగా ఎందుకుంటాయి?

జీవనాధారం అదే కాబట్టి. ఈయూలో చేరితే సముద్రపు వేట మీద ఉమ్మడి విధానం వర్తిస్తుంది. ఏ దేశం ఎంత పట్టాలన్నది ఈయూ ప్రధాన కార్యాలయాలున్న బ్రసెల్స్‌లో కూర్చుని అందరూ కలిసి తేలుస్తారు. ఎగుమతుల్లో చేపలకు పెద్ద వాటా ఉన్న ఐస్‌లాండ్‌కు అది మింగుడుపడని విషయం. 1972లో, మళ్లీ 1994లో నార్వే ఉత్తర తీరం సభ్యత్వాన్ని అంత గట్టిగా తిరస్కరించడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్ కథ ఇంకా స్పష్టం. 1973లో డెన్మార్క్‌తో పాటు, తన ఇష్టానికి విరుద్ధంగా, లోపలికి వెళ్లింది. 1982లో ప్రజలు ఓటేసి, 1985 ఫిబ్రవరి 1న బయటికొచ్చింది. వచ్చేటప్పుడు బేరం బాగా కుదుర్చుకుంది. తమ సముద్రంలో ఐరోపా పడవలకు వేటాడే హక్కు ఇస్తుంది, బదులుగా ఈయూ డబ్బు కడుతుంది, గ్రీన్‌లాండ్ చేపలు సుంకం లేకుండా ఈయూలోకి వెళ్తాయి. బయట ఉండి లాభపడటం అంటే ఏమిటో చూపించడానికి నా దృష్టిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అవతలివాళ్లకు గట్టిగా కావాల్సిన వస్తువు ఒకటి చేతిలో ఉంది, జనాభా చిన్నది, దానికి తోడు డెన్మార్క్ నుంచి ఏటా వచ్చే గ్రాంటు కూడా ఉంది.

డెన్మార్క్ ఏలుబడిలోనే ఉన్నా ఈయూలో లేని ఫారో దీవులు ఏడాది తేడాతో రెండు ముఖాలూ చూశాయి. హెర్రింగ్ చేపల కోటా గొడవలో 2013 ఆగస్టులో ఈయూ ఆ దీవుల హెర్రింగ్, మాకెరెల్ దిగుమతుల్ని నిషేధించింది. సభ్యదేశం మీద ఇలా చేయడం కుదరదు, బయటివాడి మీద కుదురుతుంది. 2014 ఆగస్టులో రష్యా ఎదురుదెబ్బగా ఈయూ, నార్వే ఆహార ఉత్పత్తులను నిషేధించినప్పుడు ఆ జాబితాలో ఫారో లేదు. వాళ్ల సాల్మన్‌కు రష్యాలో ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

రైతులకు, కొనుగోలుదారులకు?

రైతుకు మంచిది, కొనేవాడికి కాదు. ఈఈఏలో వ్యవసాయం లేదు కాబట్టి నార్వే తన రైతుల చుట్టూ ఎత్తైన గోడ కట్టుకుంది. 2013 నుంచి కొన్ని రకాల గట్టి చీజ్ మీద 277 శాతం సుంకం వేసింది. చలి, రాళ్ల నేల, చిన్న కమతాలు. ఆ గోడ లేకపోతే ఉత్తరాన చాలా పల్లెలు ఖాళీ అయ్యేవని రైతులంటారు. వాళ్ల మాటలో నిజముంది.

ఆ గోడ ఖరీదు చూడాలంటే స్వీనెసుండ్ వంతెన దగ్గర నిలబడాలి. నార్వే, స్వీడన్ సరిహద్దు అది. ఒకవైపు సరుకు లారీలు కస్టమ్స్ పత్రాల కోసం ఆగుతాయి. ఇంకోవైపు నార్వే కార్లు స్వీడన్‌లోకి దిగి, మాంసం, బేకన్, కూల్‌డ్రింకులు, మిఠాయిలు డిక్కీ నిండా నింపుకుని వెనక్కి వస్తాయి. ఈ ప్రయాణానికి ‘హారీటూర్’ అని వాళ్ల భాషలో ఒక పేరే ఉంది. సరిహద్దు అవతల స్వీడన్‌లో పెద్ద పెద్ద షాపింగ్ కేంద్రాలు నిలబడింది ఈ కొనుగోళ్ల మీదే. స్విట్జర్లాండ్‌లోనూ ఇదే వరస. అక్కడివాళ్లు జర్మనీలోని కొన్‌స్టాంజ్‌కు వెళ్లి కొనుక్కుని, జర్మన్ పన్ను వాపసు తీసుకుని తిరిగొస్తారు. ఇది పెరిగిపోవడంతో పన్ను లేకుండా తెచ్చుకునే పరిమితిని స్విస్ ప్రభుత్వం 2025 జనవరి నుంచి 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించింది. కారుండి, సరిహద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఆ గోడను ఇలా దాటేస్తారు. దూరంగా ఉన్నవాళ్లు పూర్తి ధర కడతారు.

సొంత కరెన్సీ ఉండటం ఎంత లాభం?

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈయూలో ఉండటం, యూరో వాడటం ఒకటి కాదు. స్వీడన్ సభ్యదేశమే, కానీ 2003 రెఫరెండంలో యూరో వద్దంది. అయితే కొత్తగా చేరే దేశం అర్హతలు వచ్చాక యూరో తీసుకుంటానని ఒప్పుకోవాలి. అందుకే బయట ఉండాలనేవాళ్ల వాదనలో కరెన్సీ ఎప్పుడూ ముందుంటుంది.

ఐస్‌లాండ్‌ను దగ్గరగా చూద్దాం. 2008 అక్టోబర్‌లో కౌప్‌థింగ్, లాండ్స్‌బాంకి, గ్లిట్‌నిర్ అనే మూడు పెద్ద బ్యాంకులు రోజుల తేడాలో కూలిపోయాయి. ఆ ఏడాది ఆ దేశ కరెన్సీ క్రోనా విలువ దాదాపు సగానికి పడింది. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 18 శాతానికి పెంచింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి 210 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. డబ్బు దేశం దాటకుండా ఆంక్షలు పెట్టారు. అవి పూర్తిగా పోవడానికి 2017 దాకా పట్టింది.

కరెన్సీ పడిపోవడం దేశానికి మందులా పనిచేసింది. చేపలు, అల్యూమినియం ఎగుమతులు చవకయ్యాయి. తర్వాత టూరిస్టులు వెల్లువలా వచ్చారు. కొన్నేళ్లలోనే ఉద్యోగాలు తిరిగొచ్చాయి. యూరోలో ఉన్న గ్రీస్‌కు ఆ వెసులుబాటు లేదు. కరెన్సీ తగ్గలేదు కాబట్టి జీతాలూ పెన్షన్లూ తగ్గాల్సి వచ్చింది, 2013లో నిరుద్యోగం 27 శాతం దగ్గరికి వెళ్లింది. ఈ రెండు కథల్ని పక్కపక్కన పెట్టి సొంత కరెన్సీయే కాపాడిందంటారు.

నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఆ మందు ఎవరు మింగారన్నది మర్చిపోకూడదు. సంక్షోభానికి ముందు ఐస్‌లాండ్‌లో చాలా కుటుంబాలు తక్కువ వడ్డీ అని యెన్‌కో స్విస్ ఫ్రాంక్‌కో ముడిపెట్టిన ఇంటి, కారు రుణాలు తీసుకున్నాయి. జీతం క్రోనాలో వస్తుంది, అప్పు ఫ్రాంకుల్లో పెరుగుతుంది. క్రోనా సగమయ్యేసరికి బాకీ రెట్టింపైంది. నెలనెలా కిస్తీ కట్టినా అసలు కొండలా పెరుగుతూ పోయింది. 2010 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు అలాంటి రుణాల్లో విదేశీ కరెన్సీకి ముడిపెట్టడం చట్టవిరుద్ధమని చెప్పాకే ఊపిరి తీసుకున్నారు. దేశం మొత్తంగా కోలుకోవడం వేరు, అప్పులో ఉన్న కుటుంబం కోలుకోవడం వేరు.

స్విట్జర్లాండ్‌ది ఎదురు సమస్య. ఐరోపాలో ఎక్కడ భయం పుట్టినా డబ్బు ఫ్రాంకులోకి పరిగెడుతుంది, ఫ్రాంకు బలపడుతుంది, స్విస్ సరుకు ఖరీదవుతుంది. 2011 సెప్టెంబర్‌లో వాళ్ల కేంద్ర బ్యాంకు యూరోను 1.20 ఫ్రాంకుల కంటే కిందికి పడనివ్వమని గీత గీసింది. దాన్ని నిలబెట్టడానికి భారీగా విదేశీ కరెన్సీ కొనాల్సి వచ్చింది. 2015 జనవరి 15న ఆ గీతను హఠాత్తుగా చెరిపేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కంటే కిందికి దిగింది. ఆ పొద్దున ఎగుమతి కంపెనీల్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ముందురోజు రాసిన ఇన్‌వాయిస్ మీద లాభం పోయి నష్టం తేలింది. సొంత కరెన్సీ బీమా లాంటిదే. ప్రీమియం మాత్రం ఏ రోజు ఎంత కట్టాలో ముందుగా తెలియదు.

సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోవచ్చు కదా?

చేసుకోవచ్చు, చేసుకుంటున్నారు. ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్ 2014 జులై 1 నుంచే చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలు చేస్తున్నాయి. నార్వే, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కలిసిన ఎఫ్టా కూటమి 2024 మార్చి 10న భారత్‌తో సంతకం చేసింది, 2025 అక్టోబర్ 1న అది అమల్లోకి వచ్చింది. 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి లక్ష్యం అందులో ఉంది. 27 దేశాల అభ్యంతరాలు తీర్చాల్సిన పని లేకపోవడం వల్ల చిన్న కూటమికి వేగం ఉంటుంది. తమ రైతును కాపాడుకుంటూ తమ మందుల కంపెనీకి కావాల్సింది అడిగే వీలూ ఉంటుంది. ఇది నిజమైన లాభం.

బేరంలో బలం మాత్రం సైజును బట్టే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఈయూకు 15 శాతం పడింది, స్విట్జర్లాండ్‌కు 39 శాతం. దాన్ని 15కి తగ్గిస్తామన్న ఒప్పందం నవంబర్‌లో గానీ కుదరలేదు. ఆ నెలల్లో యంత్రాలు, గడియారాల ఎగుమతిదారులు నేరుగా దెబ్బతిన్నారు. అదే సమయంలో బ్రిటన్ 10 శాతంతో బయటపడింది. అంటే ఒంటరివాడికి అందరికంటే మంచి ధరా రావచ్చు, అందరికంటే చెడ్డ ధరా రావచ్చు.

కొత్త ఒప్పందాలు పాత పొరుగుకు సాటి రావన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్ 2024 డిసెంబర్‌లో పసిఫిక్ దేశాల కూటమి సీపీటీపీపీలో చేరింది. దానివల్ల జీడీపీకి వచ్చే లాభం ఆ ప్రభుత్వ సొంత అంచనాల్లోనే 0.1 శాతానికి లోపు.

ఇక టర్కీ. దాని స్థితి నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తుంది. ఈయూ వేరే దేశంతో ఒప్పందం చేసుకుంటే ఆ దేశపు సరుకు ఈయూ మీదుగా టర్కీలోకి సుంకం లేకుండా వచ్చేస్తుంది. టర్కీ సరుకుకు మాత్రం ఆ దేశంలో తలుపు దానంతటది తెరుచుకోదు, విడిగా బతిమాలుకోవాలి. ఒప్పందం రాసే గదిలో టర్కీకి కుర్చీ లేదు.

ఓటు లేకపోవడం అంత పెద్ద విషయమా?

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. అందరూ తక్కువ అంచనా వేసేదీ ఇదే.

నార్వే ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ 2012లో ఇచ్చిన నివేదికకు ‘బయటా లోపలా’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. సభ్యదేశాలకు వర్తించే ఈయూ చట్టాల్లో సుమారు నాలుగింట మూడొంతులు నార్వే కూడా అమలు చేస్తోందని తేల్చింది. ఆ చట్టాలు రాసేటప్పుడు నార్వే మంత్రి ఆ సమావేశంలో ఉండడు, ఐరోపా పార్లమెంటులో నార్వే సభ్యులుండరు. వద్దనే హక్కు ఒప్పందంలో ఉంది, కానీ వాడితే ఆ రంగంలో మార్కెట్ తలుపు మూసుకుపోవచ్చు. 2011లో పోస్టల్ సేవల నిబంధన మీద ఆ హక్కు వాడతామని నార్వే ప్రకటించింది. 2013లో ప్రభుత్వం మారాక వెనక్కి తగ్గింది.

2025 జనవరి చివర్లో ఏకంగా ప్రభుత్వమే చీలింది. జర్మనీకి, బ్రిటన్‌కు వేసిన సముద్రగర్భ కేబుళ్ల మీద, కరెంటు బిల్లుల మీద అప్పటికే జనంలో కోపం ఉంది. ఈయూ ఇంధన నిబంధనల్ని అమలు చేయాలా వద్దా అన్న వివాదంలో సెంటర్ పార్టీ సంకీర్ణం నుంచి తప్పుకుంది. తాము రాయని నిబంధన మీద సొంత ప్రభుత్వం చీలేంత గొడవ పడటం ఆ దేశానికి ఆనందంగా ఏమీ ఉండదు.

2025 నవంబర్‌లో వచ్చిన దెబ్బ ఇంకా లోతైనది. ఉక్కు తయారీలో వాడే ఫెర్రో అల్లాయ్‌ల దిగుమతి మీద ఈయూ తన పరిశ్రమను కాపాడుకోవడానికి మూడేళ్ల ఆంక్షలు తెచ్చింది. ఉమ్మడి మార్కెట్‌లో ఉన్నా సరే, నార్వే, ఐస్‌లాండ్‌లకు మినహాయింపు ఇవ్వలేదు. ముప్పై ఏళ్లుగా మేం లోపలివాళ్లమే అనుకున్న కర్మాగారాలు ఒక్క నిర్ణయంతో బయటివైపు తేలాయి.

స్విట్జర్లాండ్‌లా రంగం రంగానికీ ఒప్పందం చేసుకుంటే సరిపోదా?

బ్రసెల్స్ దీన్ని అవ్వా కావాలి బువ్వా కావాలి అన్న వైఖరిగా చూస్తుంది. 1999లో సంతకమై 2002లో అమల్లోకి వచ్చిన మొదటి ఏడు ఒప్పందాలకు ఒక లంకె ఉంది. ఒకటి తెగితే ఏడూ తెగుతాయి. 2014 ఫిబ్రవరి 9న వలసలకు పరిమితి పెట్టాలని స్విస్ ఓటర్లు 50.3 శాతంతో కోరినప్పుడు ఈ లంకె వల్లే ప్రభుత్వం దాన్ని బాగా నీరుగార్చి అమలు చేయాల్సి వచ్చింది.

ఇంకో ఇబ్బంది, ఒప్పందాలు పాతబడటం. 2021 మే 26న ఈయూతో సాగుతున్న సమగ్ర ఒప్పందం చర్చలను స్విస్ ప్రభుత్వం ఆపేసింది. అదే రోజు ఈయూలో వైద్య పరికరాల కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది, స్విట్జర్లాండ్‌తో ఉన్న పరస్పర గుర్తింపు దానికి తగ్గట్టు మారలేదు. నిన్నటిదాకా నేరుగా వెళ్లిన పరికరానికి ఆ పొద్దున నుంచి ఈయూలో ఒక అధీకృత ప్రతినిధి, కొత్త లేబుల్ అవసరమయ్యాయి. స్విస్ విశ్వవిద్యాలయాలు హొరైజన్ యూరప్ పరిశోధన నిధులకు కొన్నేళ్లు దూరమయ్యాయి. కొత్త ఒప్పందాల మూట మీద చర్చలు 2024 డిసెంబర్‌లో ముగిశాయి.

వలసల్ని సొంతంగా నియంత్రించుకోవచ్చా?

ఉమ్మడి మార్కెట్‌లో ఉంటే కుదరదు. నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్ మూడూ ఈయూ పౌరులకు పనిచేసే హక్కు ఇవ్వాల్సిందే. స్విట్జర్లాండ్ నివాసుల్లో నాలుగో వంతుకు పైగా విదేశీయులే. నిజంగా నియంత్రణ కావాలంటే బ్రిటన్‌లా మార్కెట్ వదులుకోవాలి.

పన్నుల్లో స్వేచ్ఛ?

ఉంటుంది. సభ్యదేశాల్లో సాధారణ వ్యాట్ కనీసం 15 శాతం ఉండాలి. స్విట్జర్లాండ్‌లో అది 8.1 శాతమే. నార్వేలో 25 శాతం, కాబట్టి స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన పన్ను తగ్గుతుందని కాదు.

మొదటి నుంచీ బయట ఉన్న దేశాలకు లేని నొప్పి బ్రిటన్‌కు ఎందుకు?

అసలు చేరకపోవడం, చేరి విడిపోవడం రెండూ వేర్వేరు. నార్వే వ్యాపారులు మొదటి నుంచీ ఆ గోడను లెక్కలో పెట్టుకునే ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకున్నారు. బ్రిటన్‌లో 47 ఏళ్లు గోడ లేదన్న నమ్మకంతో అన్నీ అల్లుకున్నాయి. ఒక కారు విడిభాగం తయారయ్యేలోపు ఇంగ్లిష్ ఛానల్‌ను పలుసార్లు దాటేది.

2016 జూన్ 23 రెఫరెండం ఫలితం వచ్చిన రాత్రే పౌండు 1985 తర్వాత అత్యంత తక్కువ స్థాయికి పడింది. 2020 జనవరి 31న అధికారికంగా నిష్క్రమించారు, ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి. అసలు మార్పు 2021 జనవరిలో కనిపించింది. శుభ్రపరచని మస్సెల్స్, కాకిల్స్ లాంటి గుల్లచేపల్ని బ్రిటన్ వ్యాపారులు అప్పటిదాకా బతికుండగానే ఫ్రాన్స్‌కు, స్పెయిన్‌కు పంపేవాళ్లు. అవి అక్కడ శుద్ధి అయ్యేవి. అంత శుభ్రంగా లేని బి-గ్రేడు నీళ్లలో పట్టిన వాటిని బయటి దేశాల నుంచి అలా తీసుకోకూడదన్న నిబంధన ఈయూలో పాతదే. బ్రిటన్ కూడా సభ్యదేశంగా ఆ నిబంధనల వ్యవస్థలో భాగమే. ఒక్క రాత్రిలో అది తనకే తగిలింది. మాంసం, పాల ఉత్పత్తులకు ప్రతి సరుకుకూ పశువైద్యుడి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం అవసరమైంది.

బ్రిటన్ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్, సభ్యత్వంలో కొనసాగి ఉంటే ఉండేదానికంటే ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుందన్న లెక్కతో నడుస్తోంది. ఏడాదికేడాది చూస్తే ఇది పెద్ద కుదుపులా కనిపించదు. నెమ్మదిగా కారే కుండ లాంటిది, ఏ రోజు ఎంత పోయిందో తెలియదు.

2025 మేలో రెండు పక్షాలూ మళ్లీ కూర్చున్నాయి. ఐరోపా పడవలకు బ్రిటన్ జలాల్లో 2038 దాకా వేట హక్కు కొనసాగుతుంది. ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందం మీద చర్చలు జరపాలని ఒప్పుకున్నారు. ఈ చర్చలు ఫలిస్తే ఆహార నిబంధనల్లో బ్రిటన్ కూడా నార్వేలా బ్రసెల్స్ రాసినదాన్ని పాటించే స్థితికి వస్తుంది.

అయితే ఎలాంటి దేశానికి బయట ఉండటం గిట్టుబాటు?

గ్యాస్, చేప, మందు లాంటి, పొరుగువాళ్లు కొనక తప్పని సరుకు చేతిలో ఉండాలి. చెడ్డ ఏడాదిని తట్టుకునే నిధి ఉండాలి. నిబంధనల కాగితాలు నడపగల సమర్థమైన ప్రభుత్వ యంత్రాంగం ఉండాలి. ఈ మూడూ ఉన్న దేశం బయట ఉండి గౌరవంగా బతకగలదు. ఇవేవీ లేకుండా, నాలుగు దేశాల నుంచి విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మడమే జీవనాధారమైన దేశం బయట ఉంటే ప్రతి సరిహద్దు దగ్గరా పోగొట్టుకుంటుంది. పోలండ్, స్లొవేకియా లాంటి దేశాల ఫ్యాక్టరీలు లోపలికి వెళ్లడం వల్లే నిలబడ్డాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకసారి వద్దన్నాక మళ్లీ చేరొచ్చా?

దరఖాస్తు ఎప్పుడైనా పెట్టొచ్చు, కానీ ప్రతి సభ్యదేశమూ ఒప్పుకోవాలి. ఐస్‌లాండ్ సంక్షోభం మధ్యలో, 2009 జులైలో దరఖాస్తు పెట్టింది. 2013లో ప్రభుత్వం మారగానే చర్చలు ఆగాయి. 2015 మార్చిలో, ఇక మమ్మల్ని అభ్యర్థిగా చూడొద్దని ఉత్తరం రాసింది.

కష్టకాలంలో బయటివాళ్ల సంగతి?

అప్పటికప్పుడు పొరుగువాడి మంచితనం మీద ఆధారపడాలి. కరోనా టీకాలను ఈయూ తన సభ్యుల కోసం ఉమ్మడిగా కొన్నప్పుడు నార్వే ఆ కొనుగోలులో నేరుగా లేదు. సభ్యదేశమైన స్వీడన్ తన పేరు మీద కొని, నార్వే వాటాను నార్వేకు తిరిగి అమ్మింది.